సున్నా చుట్టిన దీవి

పటం అంచున అచ్చులో ఉన్న చిరునామా పట్టుకుని, ఐరోపా పటాలు గీసే ఆఫీసుకు ఆమె తడిసి ఎండిన ఆ పటం తెచ్చింది. తీరానికి కొట్టుకొచ్చిన ఖాళీ పడవలో దొరికిందట. అందులో ఐరోపాకు బయలుదేరిన తమ్ముడి జాడ లేదు.

"అన్నా, వాడు ఈ దీవి చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టాడు. చేరుంటాడు కదూ?"

పటాలు గీసే అతను తలెత్తలేదు. ఆ ఖండంలో ప్రతి గనికీ రంగు వేశాడు. సరుకు దిగే ప్రతి రేవుకూ లంగరు బొమ్మ వేశాడు. మనుషులు దిగే చోటు చూపించమని ఏ ప్రభుత్వమూ అడిగిన పాపాన పోలేదు.

"అక్కడ మంచినీళ్ళుంటాయా? వెధవకి ఊరికే దాహమేస్తుంది."

"ఉంటాయమ్మా."

ఆమె కళ్ళు తుడుచుకుని, దణ్ణం పెట్టి వెళ్ళింది.

కాపీ కొట్టే దొంగలు దొరకాలని, ప్రతి పటంలో లేని చోటు ఒకటి కలపడం ఆ ఆఫీసు అలవాటు. ఈ పటానికి సముద్రంలో ఆ దీవిని పెట్టింది అతనే.