జమ్మలమడుగు రోడ్డు మీద గీత

“గీత మీద నడువప్పా. తూలినావంటే కేసే, లైసెన్సు గోవిందా,” అన్నాడు ఎస్సై.

ఊదే మిషన్ చెడిపోయిందని కానిస్టేబుల్ హరిణి రోడ్డు మీద ముగ్గుపిండితో గీత గీసింది. చెయ్యి ఊరుకోక చివర్న పద్మం కూడా వేసింది.

ఆటో ఓబులేసు చెప్పులు విడిచి, గీతకు అటొక అడుగు, ఇటొక అడుగు వేసుకుంటా పోయినాడు.

“శానా తాగినావే.”

“చుక్క ముట్టలేదు సార్. ముగ్గు తొక్కుతామా ఏంది? తాగినోడైతే తొక్కేసి పోతాడు.”

“మాటలొద్దు. ఇట్ల నడువు,” అని ఎస్సై తనే బూటు కాలు ఎత్తినాడు. ఆ కాలు గీత మీద కాసేపు గాల్లోనే నిలబడి, పక్కకు దిగింది. రెండో కాలూ అంతే.

“సార్, కేసు ఒకటి రాయాల్నా, రెండు రాయాల్నా?” అని అడిగింది హరిణి.

ఎస్సై ఆటో తాళం ఓబులేసు చేతిలో పెట్టినాడు.