డోలన్ కాలి తిమ్మిరి

బ్రూక్లిన్ ప్రజలకు ఇందుమూలంగా తెలియజేయడమేమనగా: బేస్‌బాల్ ఏడో ఇన్నింగ్స్‌లో ఎవరి జట్టు బ్యాటింగ్‌కి దిగితే వాళ్ళ మనుషులే లేచి ఒళ్ళు విరుచుకోవాలి. పరాయి జట్టు వచ్చినప్పుడు లేచినవాడు ద్రోహి.

మా బ్రూక్లిన్ జట్టుకి బద్ధశత్రువులు జెయింట్స్ జట్టు; ఆ జెయింట్స్ గాళ్ళకి పిల్లనిచ్చేది లేదని మా నాన్న ఒట్టు. చెల్లి మనసిచ్చిన డోలన్ అసలైన బ్రూక్లిన్‌వాడో కాదో తేల్చాలని, యాభై ఒకటి వేసవిలో ఆ రెండు జట్ల ఆటకి అతన్నీ తీసుకెళ్ళాం.

ఏడో ఇన్నింగ్స్. జెయింట్స్ బ్యాటింగ్‌కి వచ్చారు. మా వరసలో కుర్చీ కిర్రుమంది. హాట్‌డాగ్ నములుతున్న నాన్న ఇటు తిరిగేసరికి డోలన్ నిలబడి ఉన్నాడు.

"ఎవరి కోసం లేచావురా?"

"కాలు తిమ్మిరెక్కిందండీ."

"అయితే ఆ జెయింట్స్ గాళ్ళ దగ్గరికే పో, పిసుకుతారు! మా గడప తొక్కావంటే అసలు కాళ్ళే ఉండవు!"

డోలన్ నావంక చూశాడు. నేను ఆటవంక చూశాను. పెళ్ళి ఆగిపోయింది.

ఇందులో ఆ తిమ్మిరి ఒక్కటే శుద్ధ కల్పితం, అదీ డోలన్ కల్పించిందే. జెయింట్స్ దిగగానే ఒళ్ళు మరిచి లేచింది నేను. నాన్న చూసేలోగా నన్ను చొక్కా పట్టి కూర్చోబెట్టడానికి లేచాడు వాడు.