ఆడమనిషి పేరు మీద

"ఎవలన్న అడిగితే నాదే అను, స్రవంతీ. ఆడమనిషివి, జల్ది బెయిలిస్తరు," అన్నాడు శ్రీశైలం. గల్లీ మొగన ఎక్సైజ్ జీపు అప్పుడే ఆగింది. గుడుంబా సారా క్యాన్లు మంచం కింద ఉన్నాయి.

"జైలుకు నేను పోవాల్నా? పొల్లగాండ్లనెవలు చూస్తరు?"

"ఎన్నొద్దులని? అవ్వ పోయి రాలేదా, ఏమైంది?"

స్రవంతి అత్తవైపు చూసింది. లస్మవ్వ గుడుంబా కాసి జైలుకు పోయిందని పెళ్లిలోనే చెవిన వేశారు. ఆ మాట పట్టుకునే, బిడ్డను తొట్టెలో వేసిననాడు ఆమెను దగ్గరికి రానివ్వలేదు తను.

"అత్తమ్మా, గప్పుడు కాసింది నువ్వు కాదా?"

"మీ మామ కాసిండు. ఆయన పోయినంక వీడు," అంది లస్మవ్వ, దండెం మీది చీర తీసి సంచిలో కుక్కుకుంటూ. "నువ్వుండు బిడ్డా, పిల్లల తల్లివి. నాకలవాటేనాయె."

ఎస్సై లోపలికొచ్చి మంచం కిందికి వంగి చూశాడు.

"ఎవరివి ఈ క్యాన్లు?"

శ్రీశైలం తల్లివైపు చూశాడు. లస్మవ్వ లేవబోయింది.

"ఈయనయే సార్," అంది స్రవంతి, మొగుణ్ణి చూపిస్తూ. "కాసేదీ ఈయనే, అమ్మేదీ ఈయనే."

"నీకేమన్న పిచ్చి లేసిందానే!" అని అరుస్తూనే జీపెక్కాడు శ్రీశైలం.

లస్మవ్వ జీపు వెంట గల్లీ చివరిదాకా ఏడ్చుకుంటూ పోయింది. కోడలి మొహం చూడకుండానే తిరిగొచ్చి గడపలో కూలబడింది.

"గింత మాటేనా, బిడ్డా? నాకెన్నడు నోట్లెకెల్లి రాకపాయె."