ఏడో నంబరు పిచ్

"మిసెస్ ముప్పాళ్లా" అని ఆఫీసు కిటికీలోంచి రెండుసార్లు పిలిస్తే గానీ నీలిమ వెనక్కి తిరగలేదు. గేటు కోడ్ రాసిన చీటీ అందుకుని మళ్లీ అటే చూసింది.

అటు సముద్రం ఉంది. సముద్రానికి ఎదురుగా త్రినాథ్ పాత క్యాంపర్ వ్యాన్ ఉంది.

నీలిమ భర్త హేమచంద్‌కి ఒళ్లు మండింది. ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదన్న లాక్‌డౌన్ రోజుల్లోనే, మార్చిలో, అతను ఆరు రాత్రులకి ఆరు క్యాంప్‌సైట్లు వెతికి, బుక్ చేసి, ఎక్సెల్ షీటులో పెట్టుకున్నాడు. విమానాలెక్కే ధైర్యం లేక ఐర్లండ్ జనమంతా ఆ వేసవిలో సముద్రం ఒడ్డునే పడ్డారు మరి. అద్దె మోటర్‌హోమ్ కూడా అప్పుడే ఖాయం చేశాడు. అంతా చేస్తే, కానెమారాలో అతనికి దక్కింది బాత్రూముల పక్క చోటు. బండి పెట్టుకునే చోటుని ఇక్కడ పిచ్ అంటారు.

"పిచ్ ఎలా ఉంది బావా?" టీ కప్పుతో త్రినాథ్ వచ్చాడు. అతను నీలిమ బాబాయి కొడుకు. ఆఫీసు శాండీఫోర్డ్‌లో, హేమచంద్ ఆఫీసుకి రెండు వీధుల అవతల.

"బాత్రూముల పక్కన."

"అయితే తేమ ఉంటుంది. స్పిన్‌కి సహకరిస్తుంది."

నీలిమ పగలబడి నవ్వింది. "నీకు ఆ చోటెలా దొరికింది అన్నయ్యా?"

"ఏముందమ్మా, వచ్చి అడిగా. ఎవరో రాలేదట, ఇచ్చారు. ఇన్ని గంటలకి ఇక్కడ, అన్ని గంటలకి అక్కడ అని రాసుకుని తిరిగితే అది డ్యూటీ రోస్టరవుతుంది గానీ టూరెలా అవుతుంది?"

"నిజమే" అంది నీలిమ.

ఆ ఒక్క మాట హేమచంద్‌కి ముల్లులా దిగింది. ఆమె బ్లాంచర్డ్స్‌టౌన్‌లో డాక్టరు. కోవిడ్ వార్డులో ఏడాదిన్నర గడిపాక దొరికిన మొదటి సెలవు ఇది. ఈ ఆరు రోజులూ ముట్టనంటూ ఫోన్ ఆఫ్ చేసి, ప్లేట్లు పెట్టే అలమరాలో పడేసింది. ఈలోగా ఒక్కసారైనా ఆమె తన వైపు చూసి "ఎంత బాగుందండీ" అనాలి. హేమచంద్ కోరుకున్నది అంతే. మూడు రోజులయ్యింది. ఆ మాట ప్రతిసారీ త్రినాథ్‌కే దక్కుతోంది.

"రేపు మజిలీ ఎక్కడ బావా?"

"అచిల్ దీవి" నీలిమే చెప్పింది. "నువ్వూ వచ్చెయ్ అన్నయ్యా. రేపు ఈయన నలభయ్యో పుట్టినరోజు."

"వస్తా. చోటుదేముంది, దేవుడున్నాడు."

హేమచంద్ లేచి అవతలికి వెళ్లి అచిల్ సైటుకి ఫోన్ చేశాడు. ప్రతి బుకింగ్‌నీ ఒక రోజు ముందు మళ్లీ అడిగి తెలుసుకోవడం అతని అలవాటు.

"మీది ఇరవై మూడు. రెండో వరుస" అంది రిసెప్షన్ ఆవిడ.

"సముద్రం వైపు ఏదైనా ఖాళీ ఉందా?"

"లేదండీ. ఆఖరిది ఏడో నంబరు, అదీ పోయింది. పేరు... తా-డి-కొం-డ. మీవాళ్లేనా?"

తాడికొండ త్రినాథ్.

దేవుడున్నాడట. చాటుగా బుక్ చేసుకుని, చెల్లెలి ముందు గాలివాటం కబుర్లు.

"మావాళ్లే" అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "వాళ్లు రావడం లేదు. రద్దు చేసేయండి."

"అయితే అది మీకు రాయనా?"

రాయించుకుంటే దొరికిపోతాడు. "వద్దు. మాకు ఇరవై మూడు చాలు."

"గ్రాండ్, అలాగే. రేపు ముందొచ్చినవాళ్లకి ఇచ్చేస్తాను. రద్దయినట్టు వాళ్లకి మెయిల్ పంపిస్తాను."

ఆ పూటంతా హేమచంద్ త్రినాథ్ మొహమే చూస్తూ కూర్చున్నాడు. మెయిల్ చేరే ఉంటుంది. మనిషిలో చలనం లేదు. పైగా రెండో ప్లేటు ఉప్మా అడిగాడు. ఏం నటన, అనుకున్నాడు హేమచంద్.

మర్నాడు త్రినాథ్ వాళ్లకంటే ముందే బయల్దేరిపోయాడు. వీళ్లు అచిల్ వంతెన దాటేసరికి మధ్యాహ్నమైంది. దారి పొడుగునా నీలిమ ఏదో కూనిరాగం తీస్తూనే ఉంది.

సైటు గేటు తెరుచుకోగానే, "ముందు ఏడో నంబరు దగ్గరికి పోనివ్వండి" అంది.

"ఏడా? నీకెలా తెలుసు?"

"పోనివ్వండి, చెబుతా."

అన్నాచెల్లెళ్లు ముందే అనుకున్నారన్నమాట. అయినా ఈసారి హేమచంద్‌కి కోపం రాలేదు. ఏడులో ఎవరో ఐరిష్ కుటుంబం గుడారం వేసుకుని ఉంటుంది. బావగారు గేటు బయట దేవుణ్ణి వెతుక్కుంటూ ఉంటాడు.

ఏడులో పాత వ్యాన్ ఉంది. దాని ముందు మడతకుర్చీలో త్రినాథ్ ఉన్నాడు.

"హ్యాపీ బర్త్‌డే బావా. నా అదృష్టం చూడు. ఎవరో పుణ్యాత్ముడు నిన్ననే కాన్సిల్ చేశాట్ట."

నీలిమ మొహంలో వెలుగు ఆరిపోయింది. ఏడు అని రాసిన రాయినీ, దాని పక్కనున్న వ్యాన్‌నీ మార్చి మార్చి చూసింది. అలమరా తెరిచి ఫోన్ తీసి, కిందికి దిగి, వాళ్లకి వీపు పెట్టి నిలబడి ఆన్ చేసింది.

హేమచంద్ దిగి త్రినాథ్ దగ్గరికి వచ్చాడు. "నువ్వు... ఇది బుక్ చేసుకోలేదూ?"

"నేనా? రైలు టికెట్టు తప్ప ఏదీ బుక్ చేసి ఎరగను బావా."

రిసెప్షన్ ఆవిడ మాస్కు సర్దుకుంటూ తెల్లటి అట్టపెట్టె పట్టుకొచ్చింది. పైన రంగు అక్షరాల్లో 'హేమచంద్ - 40' అని ఉంది.

"బుకింగ్ రద్దయినా, బేకరీవాళ్లు కేకు తెచ్చి ఇచ్చేశారు. తాడికొండ ఎవరండీ?"

"నేనే" త్రినాథ్ చెయ్యెత్తాడు.

ఆవిడ పెట్టెకి అంటించిన చీటీ చూసి తల అడ్డంగా ఊపింది. "డాక్టర్ తాడికొండా" అని గొంతెత్తి పిలిచింది.

నీలిమ ఒక్క పిలుపుకే వెనక్కి తిరిగింది.