సోమవారం దద్దుర్లు

“మమ్మీ, ఫిర్ సే ఖుజ్లీ!” అని గోక్కుంటూ సహస్ర గౌను పైకెత్తి నడుం చూపించింది.

కిరణ్మయి చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. నడుం చుట్టూ, మెడ మీద, మోచేతుల మడతల్లో మళ్ళీ ఎర్రటి దద్దుర్లు. రాత్రి పడుకోబెట్టినప్పుడు పిల్ల ఒళ్ళు శుభ్రంగా ఉంది. పొద్దున స్నానం చేయించి, ఉతికిన గౌను తొడిగిందో లేదో, ఇదీ వరస.

“ఏమండీ, మళ్ళీ సోమవారమే!”

“దద్దుర్లకి వారం తెలుస్తుందా కిరణ్?” అన్నాడు పార్థసారథి, ఆఫీసుకి వెళ్ళడానికి బూట్లు తొడుక్కుంటూ. అతను మినిస్ట్రీలో సెక్షన్ ఆఫీసరు. ఢిల్లీ ఆర్.కె. పురంలో క్వార్టర్సు.

మొదట్లో స్కూలు మీద అనుమానపడ్డారు. వేసవి సెలవులిచ్చాకా తగ్గలేదు. కిరణ్మయి వేరుశనగపప్పు మానిపించింది, గుడ్డు మానిపించింది, వంకాయ ఇంట్లోకే రానివ్వలేదు. సబ్బు మార్చింది. వేపాకు మరిగించిన నీళ్ళు పోసింది. ఎదురింటి వాళ్ళ కుక్కపిల్లతో ఆడొద్దంటే సహస్ర రోజంతా ఏడ్చింది. పెళ్ళికని తెనాలి వెళ్ళినన్నాళ్ళూ పిల్లకి ఏమీ లేదు. ఢిల్లీ నీళ్ళు పడటం లేదేమోనని తిరిగొచ్చాక మరగబెట్టి తాగించారు. సోమవారం వచ్చింది, దద్దుర్లూ వచ్చాయి. వారం మధ్యకల్లా తగ్గుముఖం పట్టేవి. ఏం అర్థం చేసుకోవాలో తెలియక కిరణ్మయికి తల తిరిగిపోయేది.

ఆలోచించగా ఆమెకి ఒక్కటే తోచింది. ప్రతి ఆదివారం తమ్ముడు సాయిప్రకాష్ వస్తాడు. వస్తూ వస్తూ మేనకోడలికి మామిడిపళ్ళో, మిఠాయో తెస్తాడు.

సాయి కరోల్ బాగ్‌లో గది తీసుకుని సివిల్స్‌కి చదువుతున్నాడు. గదిలో నీళ్ళకి కటకట అని వారం బట్టలూ సంచిలో కుక్కి అక్క ఇంటికి తెచ్చుకుంటాడు. అలా తెమ్మని పోరు పెట్టిందీ ఆమే. వాటిని ఇంట్లో బట్టలతో కలిపి మెషిన్‌లో వేసేది. సాయంత్రానికి ఆరిన బట్టలు మడతపెట్టి సంచిలో సర్ది ఇచ్చేది. భోజనం కాగానే వాడు నేలమీదే ఒళ్ళు తెలియకుండా నిద్రపోయేవాడు. పిల్ల మీదెక్కి తొక్కినా లేచేవాడు కాదు. రాత్రిళ్ళు మేలుకుని చదువుతున్నాడని ఆమె గుండె కరిగిపోయేది. “ఈసారి వాడికి తప్పకుండా వస్తుంది నాన్నా” అని తెనాలికి ఫోన్ చేసినప్పుడల్లా చెప్పేది. అవతల ధర్మయ్య గొంతు సంతోషంతో వణికేది.

“ఒరేయ్, ఏమనుకోకు. ఇకమీదట దానికేమీ తేకు,” అంది ఆ ఆదివారం. “నువ్వొచ్చి వెళ్ళిన మర్నాడే దాని ఒళ్ళు పేలుతోంది.”

సాయి మొహం చిన్నబోయింది. “అలాగే అక్కా,” అని మామిడిపళ్ళ సంచి తలుపు వెనక్కి జరిపాడు.

తరవాతి ఆదివారం ఉత్త చేతులతో వచ్చాడు. మర్నాడు దద్దుర్లు మాత్రం ఆగలేదు. అనవసరంగా వాణ్ణి బాధపెట్టానని కిరణ్మయి లోపల్లోపల కుమిలింది.

చివరికి పార్థసారథి సెలవు పెట్టి, ఇద్దరూ పిల్లని పెద్ద స్కిన్ స్పెషలిస్టు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ పిల్ల ఒంటికన్నా గౌనే ఎక్కువసేపు చూసింది. నడుం దగ్గరి కుట్టుని భూతద్దం కింద పెట్టి, “రండి, చూడండి,” అంది.

బట్టలో ఇరుక్కుని సన్నటి పోగులు తళుక్కుమంటున్నాయి.

“ఇది అలర్జీ కాదమ్మా. ఇవి గాజు పోగులు. ఫైబర్‌గ్లాస్. కంటికి ఆనవు, గుచ్చుకుంటాయి. నీళ్ళ ట్యాంకులు, కూలర్ డబ్బాలు, ఫాల్స్ సీలింగులు దీంతో చేస్తారు. మెషిన్‌లో ఒకరి బట్టల నుంచి ఇంకొకరి బట్టల్లోకి పాకుతాయి. మీ ఇంట్లో ఎవరికైనా వాటితో పని ఉందా?”

“లేదండీ. ఈయనది ఆఫీసు పని. మా తమ్ముడు ఐఏఎస్‌కి చదువుతున్నాడు.”

దారిలో ఆటోలో పార్థసారథిని అతని ఆఫీసు గురించి వంద ప్రశ్నలు వేసింది. అక్కడ ఏ రిపేర్లూ జరగలేదు. ఇంట్లో కూలరేమో ఇనుప రేకుది. ఉన్నట్టుండి ఆమె భర్త చెయ్యి పట్టుకుంది.

“సాయి! గదిలో కూలర్ మొహం మీదికి వేడి గాలి కొడుతోంది, నిద్ర పట్టటం లేదన్నాడు మొన్న. అది ఫైబర్‌దై ఉంటుందండీ. పాతబడి పొట్టు రాలుతోందేమో. పిల్లకి ఒంటి మీద దురదే. వాడు ఆ గాజు పొడి పీలుస్తూ చదువుతున్నాడు!”

మర్నాడు పిల్లని ఎదురింట్లో అప్పగించి కరోల్ బాగ్ బస్సెక్కింది. పగలు చదువుకోవాలని సాయి ఫోన్ ఆపేసుకుంటాడు, కాబట్టి చెప్పే వీల్లేదు. ఆ కూలర్ తీసేయించి, దగ్గరుండి కొత్తది కొనిపెట్టి వద్దామనుకుంది. మామిడిపళ్ళ విషయంలో అన్న మాటకి అది పరిహారమని కూడా అనుకుంది. సాయి గదిలో చేరినప్పుడు ఒక్కసారి చూసిందంతే. అయినా ఆ ఇరుకు మెట్లు గుర్తున్నాయి.

తలుపు తీసింది ఆదిత్య. సాయితోపాటు గదిలో చేరిన అనంతపురం కుర్రాడు.

“నమస్తే అక్కా! మీరేంటి ఇట్లా వచ్చినారు?”

“సాయి లేడా? కూలరేదీ?” అంటూ లోపలికి వచ్చింది. గోడమీద ఇండియా మ్యాపు. మూడు మంచాల మీదా పుస్తకాలు. పైన ఫ్యాను గిరగిరా తిరుగుతోంది.

“మాకు కూలర్ లేదక్కా. ఫ్యానే.”

“అదేమిటి? మరి వాడు…”

ఆదిత్య తల దించుకున్నాడు. “మీకు చెప్పినానన్నాడే…”

“ఏం చెప్పాడు?”

“సాయి కూలర్ల ఫ్యాక్టరీలో పనికి చేరి ఏడాదైందక్కా.”