కదిలిన దుప్పటి

తెరమీదకి దయ్యం వచ్చేసరికి టైలరు ఆవలించాడు.

సినిమా మొదలైనప్పటినుంచీ తలుపులు కిర్రుమంటున్నాయి, దీపాలు ఆరిపోతున్నాయి, హీరోయిన్ అదేపనిగా కెవ్వుమంటోంది. ఒక్కసారైనా ఒళ్లు జలదరిస్తే ఒట్టు. చిన్నప్పుడొకసారి దయ్యం సినిమా చూసి, అమ్మా నాన్నల మధ్య నక్కి, ఇద్దరి చేతులూ గట్టిగా పట్టుకుని ఇంటిదాకా నడిచాడు. ఆ చేతులు ఇప్పుడు లేవు. కనీసం ఆ భయమైనా మళ్లీ దొరుకుతుందేమోనని వచ్చిన ప్రతి దయ్యం సినిమాకీ పరుగెత్తుకొస్తాడు, ప్రతిసారీ ఉత్త చేతులతోనే తిరిగెళ్తాడు.

కుట్టుపని మీదపడి, ఈ సినిమాకి విడుదలైన వారానికిగానీ రాలేకపోయాడు. లోపలికొస్తుంటే థియేటర్ మేనేజరు గేటు దగ్గరే పట్టుకున్నాడు.

"హాలు ఖాళీగా ఉంది గురూ. మీ వీధి వీధంతా నీ మాట మీదే సినిమాకొస్తుంది. నువ్వు బాగుందంటే ఇంకో వారం ఆడిస్తాను. లేదంటే రేపే ఎత్తేస్తాను."

అదే వరసలో, రెండు సీట్ల అవతల, ఒకావిడ కళ్లు మూసుకుని కూర్చుంది. "ఇవాళ కూడానా అమ్మా!" అని, ఆవిడ టికెట్టు చింపుతూ గేటతను అడగడం టైలరు ఇందాక విన్నాడు. ఏసీలో కునుకు తీయడానికి వస్తోంది కాబోలు అనుకున్నాడు.

"భయమేస్తోందా అమ్మా?" అన్నాడు ఉండబట్టలేక.

"లేదన్నయ్యగారూ. నేను చూసే సీను ఇంకా రాలేదు."

కాసేపటికి సంగీతం మారింది. ఆవిడ చటుక్కున నిటారుగా కూర్చుని, కళ్లద్దాలు తుడిచి పెట్టుకుంది.

తెరమీద ఆసుపత్రిలో శవాల గది. బల్లమీద తెల్లదుప్పటి. పోలీసు మొహం మీది దుప్పటిని మెడదాకా కిందికి లాగాడు. కెమెరా ఆ మొహం మీదే చాలాసేపు నిలిచిపోయింది. శవం గుండెమీద దుప్పటి మెల్లగా పైకి లేచింది, కిందికి దిగింది, మళ్లీ లేచింది.

"వాడు బతికే ఉన్నాడ్రోయ్! లేపి కాఫీ ఇవ్వండి!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. ఉన్న నలుగురూ గొల్లుమన్నారు. టైలరు పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఆవిడ నవ్వలేదు. ఉయ్యాల్లో పాపని చూస్తున్నట్టు, తల కాస్త వాల్చి చూస్తోంది. ఆవిడ గుండె కూడా ఆ దుప్పటితోపాటే లేచి దిగుతోంది. సీను మారగానే సంచీ తీసుకుని బయటికి నడిచింది. ఇక చూడటానికేముందని టైలరూ లేచాడు.

బయట మేనేజరు కాచుకుని ఉన్నాడు. "ఏమంటావు గురూ? ఉంచనా, ఎత్తేయనా?"

"ఇంకా అడుగుతున్నావా? ఎత్తేసెయ్!"

మెట్లు దిగుతున్న ఆవిడ గబగబా వెనక్కొచ్చింది.

"అన్నయ్యగారూ, బాగుందని చెప్పండి. ఒక్క వారమైనా ఉండనివ్వండి."

టైలరు తెల్లబోయాడు. "సినిమా తీసినాయన మీకు చుట్టమా అమ్మా?"

"ఆయనెవరో కూడా నాకు తెలీదండీ."

"మరింకేం! ఇందులో బాగుందని చెప్పడానికి ఏముంది?"

"ఆ శవం సీను బాగుంటుంది."

"పరువు పోయిందే అక్కడమ్మా! కాసేపు ఊపిరి బిగబట్టడం కూడా చేతకానివాణ్ని తెచ్చి పడుకోబెట్టారు."

"బిగబట్టలేదనేగా నేను రోజూ వస్తోంది."

"అంటే?"

ఆవిడ కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడిచింది. మేనేజరు వైపు, టైలరు వైపు మార్చిమార్చి చూసింది.

"మా ఆయన ఊపిరి పీల్చేది ఇప్పుడు అక్కడొక్కచోటేనండీ."