రెండో ర్యాంకు

మూడో తరగతిలోనూ పాపే ఫస్టు వచ్చింది.

ప్రోగ్రెస్ కార్డు చూడగానే ఇంట్లో మళ్లీ పంచాయితీ మొదలైంది.

“దీనికి నా తెలివే వచ్చింది. ఎంత పెద్ద లెక్కయినా నోటితోనే చేసేస్తుంది” అంది అమ్మ.

“ఉత్త తెలివి ఏం చేసుకోను? పొద్దున్నే లేచి కూర్చుంది కాబట్టి వచ్చింది” అన్నాడు నాన్న. ఆయన పంపుహౌస్‌లో ఆపరేటరు. మోటార్ల హోరులో పనిచేసీ చేసీ, ఇంట్లో కూడా గట్టిగానే మాట్లాడతాడు.

ఎక్కడో దూరాన ఉన్న అమ్మమ్మ ఫోన్లో ఇద్దర్నీ కొట్టిపారేసింది. “మీ మొహం! మంచి బడి దొరికింది, మంచి టీచరు దొరికింది. అదీ సంగతి.”

పాప ఫోన్ అందుకుంది.

“అమ్మమ్మా, బడిలో నాతో ఎవరూ ఆడరు.”

“ఫస్టు వచ్చేవాళ్లంటే లోకానికి కుళ్లే తల్లీ. నువ్వేం పట్టించుకోకు.”

పాప ఫోన్ అమ్మకిచ్చేసి అవతలికి వెళ్లిపోయింది.

నాలుగో తరగతిలోనూ అంతే. ఇంటర్వెల్లో ఆవరణలోకి వెళ్లి సుద్దముక్కతో గళ్లు గీసుకునేది. తనే గెంతేది. గీత తొక్కితే తనే “అవుట్” అని అరిచేది. మళ్లీ తనే మొదలుపెట్టేది. టీచరమ్మ కిటికీలోంచి కాసేపు చూసి, నిట్టూర్చి, దిద్దుతున్న నోట్సులోకి తల వంచుకునేది.

సంవత్సరం పరీక్షలు వచ్చాయి. లెక్కల పేపరు పాపకి కొట్టిన పిండి. అయినా మొదటి లెక్క ఒక్కటే చేసింది. పెన్సిలు పక్కన పెట్టి, చేతులు కట్టుకుని, టైమయ్యేదాకా అలాగే కూర్చుంది.

ఖాళీ కాగితాలు చూసి టీచరమ్మ కంగారుపడింది.

“ఒంట్లో బాగాలేదా?”

“బాగానే ఉంది టీచర్.”

“మరి? లెక్కలు రాలేదా?”

“అన్నీ వచ్చు. కావాలనే వదిలేశా.”

టీచరమ్మకి చుర్రుమంది. “కావాలనా! ఏడాదంతా చదివింది ఇందుకేనా?”

పాప తల దించుకుంది. “ఈసారి నాకు ఫస్టు వద్దు. రెండో ర్యాంకు ఇవ్వండి.”

“రెండోదా? అదేం కోరికే?”

పాప తలెత్తింది. కళ్లలో నీళ్లున్నాయి కానీ, గొంతులో మాత్రం ఎక్కడలేని ఆశ.

“నాకు రెండో ర్యాంకు వస్తే, ఫస్టు ర్యాంకు తీసుకోడానికి మన బడిలోకి ఇంకొక్క పిల్లయినా రావాలి కదా టీచర్!”